గంజాయి కేసులో ల్యాబ్ రిపోర్టు వచ్చేసింది, ఇంక వాదించడానికి ఏమైనా ఉందా?

ఉద్దానం_తమ్ముడు

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. మా బావ, అంటే మా అక్క భర్త, టాటా ఏస్ నడుపుతాడు. పనసకాయలో కొబ్బరికాయలో, ఏ లోడ్ దొరికితే అది వేసుకుంటాడు. వేసవిలో ఒడిశా వైపు నుంచి పనసకాయలు ఎక్కించుకుని శ్రీకాకుళం వస్తుంటే నరసన్నపేట దాటాక హైవే మీద ఆపారు. కాయల కింద బ్రౌన్ టేపు చుట్టిన ఆరు ప్యాకెట్లు దొరికాయట. మొత్తం 21.600 కిలోలని రాశారు. లోడ్ తాలూకు మనిషి ఒకడు పక్క సీట్లో ఉన్నాడని, బండి ఆగగానే దిగి పరుగెత్తాడని బావ చెప్తున్నాడు. కాగితాల్లో ఆ మనిషి ఏ2 (రెండో ముద్దాయి), పరారీ.

బావ అంపోలు జైల్లో ఉన్నాడు. బెయిల్ కొట్టేశారు. ఇప్పుడు విశాఖ ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది, అందులో గంజాయి అని ఉందట. "రిపోర్టు పాజిటివ్ వచ్చాక మనం చేసేది పెద్దగా ఉండదు, ట్రయల్లో చూద్దాం" అన్నారు మా లాయరు గారు. అక్కకి ఇద్దరు చిన్న పిల్లలు. నిజంగానే ఏమీ చేయలేమా? తెలిసినవాళ్లు చెప్పండి.

సాలూరు_లారీ

తమ్ముడూ, చట్టం సంగతి తెలిసినోళ్లు చెప్తారు. నేను ముందు వేరే మాట చెప్తాను. "ల్యాబ్‌లో మావోడున్నాడు, రిపోర్టు మార్పించేస్తాం" అని ఎవడైనా ఇంటికొస్తే గుమ్మం ఎక్కనియ్యకు. మా ఊళ్లో లారీ ఫీల్డులో ఉన్నోళ్లు ఇలాంటోళ్లకి పుస్తెలు తాకట్టెట్టి ఇచ్చారు. రిపోర్టు మారదు, డబ్బులు పోతాయి, పైగా ఇంకో కేసవుతుంది. అక్కకి కూడా గట్టిగా చెప్పు. ఆడోళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికే వస్తారు ఈ బాపతు.

నాగావళి_అడ్వకేట్

శ్రీకాకుళం కోర్టుల్లో ఎన్డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం కింద కేసులు చూస్తుంటాను. మీ లాయరు గారిని తప్పు పట్టడం లేదు, ఆయన ఫైలు చూశారు, నేను చూడలేదు. అయితే "రిపోర్టు పాజిటివ్ గనక అయిపోయింది" అన్న మాట మాత్రం సరికాదు.

ల్యాబ్ రిపోర్టు చెప్పేది ఒకటే సంగతి: మా దగ్గరికి వచ్చిన ఈ చిన్న కవరులో ఉన్నది గంజాయి అని. ఆ కవరులోది మీ బావ బండిలోంచే తీశారా, ఆరు ప్యాకెట్లలోనూ అదే ఉందా, మొత్తం బరువెంత, ఇవేవీ ల్యాబ్‌కి తెలియవు. ఇవన్నీ ప్రాసిక్యూషన్ వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. నేను చూసిన కేసుల్లో "ఇది గంజాయి కాదు, ఎండుగడ్డి" అని వాదించి గెలిచినవాళ్లు దాదాపు లేరు. రోడ్డు మీద పట్టుకున్న దగ్గర్నుంచి ల్యాబ్ టేబుల్ దాకా తేదీలు, సీళ్లు, తూకాలు పొంతన కుదరక కొట్టేసిన కేసులు ఉన్నాయి.

మీ కేసులో నా కన్ను ముందు బరువు మీద పడింది. 2001 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం గంజాయికి 1 కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. 20 దాటితే 10 ఏళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల దాకా శిక్ష, లక్షకు తగ్గని జరిమానా. బెయిల్‌కి 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని, రెండూ కోర్టుకి తోచాలి. 20 లోపైతే శిక్ష 10 ఏళ్లు మించదు, కనీస శిక్ష లేదు, 37లోని ఆ షరతులూ వర్తించవు. మీ బావ బతుకు ఆ 1.600 కిలోల మీద వేలాడుతోంది. అందుకే అడుగుతున్నా:

మధ్యవర్తుల నివేదికలో (సాక్షుల ముందు రాసే పంచనామాలో) ఏ ప్యాకెట్ ఎంత అని విడివిడిగా రాశారా? కవర్లతో తూచారా, కవర్లు తీసి తూచారా? శాంపిల్ అక్కడే రోడ్డు మీద తీశారా, మేజిస్ట్రేట్ ఎదుట తీశారా? ల్యాబ్‌కి ఏ తేదీన వెళ్లింది? ఇవి తెలిస్తేగానీ మాట్లాడలేం. ఛార్జిషీటు వేసి ఉంటే కాగితాల కాపీలు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 230వ సెక్షన్.

విశ్రాంత_కెమిస్ట్

నేను ప్రభుత్వ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఏ ల్యాబ్ అన్నది ఇక్కడ వద్దు. పరీక్ష ఎలా జరుగుతుందో చెప్తే మీ లాయరు గారికి ఉపయోగం.

రోడ్డు మీద కిట్‌తో చేసేది రంగు పరీక్ష. గంజాయికి ముఖ్యంగా రెండు వాడతారు. డ్యూకెన్వా-లెవీన్ పరీక్షలో ఊదా రంగు వచ్చి, క్లోరోఫామ్ పోసినప్పుడు ఆ రంగు కింది పొరలోకి దిగాలి. ఫాస్ట్ బ్లూ బి సాల్ట్‌తోనైతే ఎరుపు వస్తుంది. ఇవి అనుమానాన్ని బలపరిచే పరీక్షలే. మరికొన్ని మొక్కల పదార్థాలు కూడా దగ్గర దగ్గర రంగులిస్తాయి. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఊదా ఏదో గోధుమరంగు ఏదో చెప్పడం అనుభవం ఉన్నవాడికీ కష్టమే.

ల్యాబ్‌కి వచ్చాక మైక్రోస్కోప్ కింద చూస్తాం. గంజాయి ఆకు మీద ఎలుగుబంటి గోరు ఆకారంలో చిన్న నూగు ఉంటుంది, దాని మొదట్లో సున్నపు గడ్డ ఉంటుంది. పూత మీద జిగురు గ్రంథులుంటాయి. ఆ తర్వాత టీఎల్‌సీ, వీలున్నచోట జీసీ-ఎంఎస్ అనే రసాయన పరీక్షలు. ఇవన్నీ కలిపి చూస్తే తప్పు జరిగే అవకాశం చాలా తక్కువ. పరీక్షనే తప్పుబట్టి గెలవాలనుకుంటే మాత్రం నిరాశే ఎదురవుతుంది, నిజాయితీగా చెప్తున్నా.

రిపోర్టులో మాత్రం చూడాల్సినవి ఉన్నాయి. ఏ ఏ పరీక్షలు చేశారో రాశారా, లేక "పరీక్షించగా గంజాయి అని తేలింది" అని ఒక్క ముక్కతో సరిపెట్టారా? పూత, కాయ భాగాలు కనిపించాయని ఉందా? చట్టంలో గంజాయి అంటే పూలు లేదా కాయలతో ఉన్న కొసలు. కొసలు లేకుండా ఉత్త ఆకులు, గింజలు మాత్రమే ఉంటే అది ఆ నిర్వచనంలోకి రాదు. అందిన సీళ్లు ఎన్ని, చెక్కుచెదరకుండా ఉన్నాయా, మచ్చు సీలుతో పోల్చి చూశారా, అందిన శాంపిల్ బరువెంత, ఎవరి చేత వచ్చింది, పరీక్ష ఏ తేదీన జరిగింది, ఇవన్నీ చూడండి. సంతకం పెట్టిన అధికారి హోదా కూడా చూడండి. రిపోర్టు రాసినవాళ్లు సాక్షిగా రాకుండానే దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని బీఎన్ఎస్ఎస్ 329వ సెక్షన్ చెప్తుంది, పాత సీఆర్‌పీసీలో 293. కానీ ఆ వెసులుబాటు సెక్షన్‌లో చెప్పిన హోదాలవాళ్లకే. అవసరమనిపిస్తే ఆ నిపుణుణ్ణి పిలిపించే అధికారం కోర్టుకి ఉంది. పిలిపిస్తే మాకేం కోపం రాదు, అది మా ఉద్యోగంలో భాగమే.

ఇంకొక మాట. అమెరికా వీడియోలు చూసి టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) 0.3 శాతం లోపైతే గంజాయి కాదని కొందరు రాస్తుంటారు. అది వాళ్ల హెంప్ (నార కోసం పెంచే గంజాయి జాతి మొక్క) చట్టం లెక్క. మన ఎన్డీపీఎస్ చట్టంలో గంజాయికి శాతం పట్టింపు లేదు. ఆ వాదనతో కాలం పోగొట్టుకోకండి.

ఉద్దానం_తమ్ముడు

మీ అందరికీ దండాలు. లాయరు గారి దగ్గర కాగితాలు ఫోటోలు తీసుకున్నాను. అందులో ఉన్నది ఇది:

మధ్యవర్తుల నివేదికలో ఆరు ప్యాకెట్లు, "ఒక్కొక్కటి కవరుతో సహా 3.600 కిలోలు, వెరసి 21.600". ఆరింటి నుంచి కొద్దికొద్దిగా తీసి కలిపి, అందులోంచి 50 గ్రాముల శాంపిళ్లు రెండు అక్కడే కట్టి సీలు వేశామని ఉంది. కిట్‌తో పరీక్షించినట్టు ఎక్కడా లేదు, "వాసన, రంగు బట్టి గంజాయిగా గుర్తించాం" అని ఉంది. సీలు మీద ఏ అక్షరాలున్నాయో రాయలేదు. మధ్యవర్తులు ఇద్దరూ వీఆర్వోలు.

శాంపిల్ వారం లోపలే ల్యాబ్‌కి వెళ్లింది. మేజిస్ట్రేట్ గారి ఎదుట తూకం, ఫోటోలు రెండు నెలల తర్వాత. అక్కడ బరువు 20.700 అని ఉంది, అదీ కవర్లతోనే. అక్కడ మళ్లీ శాంపిల్ తీసినట్టుంది గానీ అది ల్యాబ్‌కి వెళ్లినట్టు కాగితం లేదు.

నాగావళి_అడ్వకేట్

బాబూ, "చేసేది ఉండదు" అన్న కేసు కాదిది. ఒక్కొక్కటీ చెప్తాను, కాస్త ఓపికగా చదవండి. మీ లాయరు గారికీ చూపించండి.

మొదటిది కలిపేయడం. 2022 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చిన ఎన్డీపీఎస్ రూల్స్ ప్రకారం శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుటే తీయాలి. ప్రతి ప్యాకెట్ నుంచీ రెండేసి నమూనాలు, గంజాయికైతే 24 గ్రాముల చొప్పున. ఒకే సైజు, ఒకే బరువు, ఒకే గుర్తులు ఉండి, ప్రతి ప్యాకెట్టూ కిట్‌తో పరీక్షిస్తే ఒకే ఫలితం వచ్చినప్పుడు మాత్రమే వాటిని లాట్‌గా (ఒక గుంపుగా) కట్టి ఉమ్మడిగా తీయవచ్చు. గంజాయికి 40 దాకా ఒక లాట్ చేయొచ్చు. మీ కేసులో కిట్టే పెట్టలేదు. ఆరింటినీ కలిపాక వచ్చిన రిపోర్టు "ఈ మిశ్రమంలో గంజాయి ఉంది" అని చెప్తుందే తప్ప ఆరింటిలోనూ ఉందని చెప్పదు. ఒక్క ప్యాకెట్‌లో కొసలు లేని ఉత్త ఆకు ఉన్నా 3.600 తీసేస్తే మిగిలేది 18 కిలోలే. ఇది గాల్లో లెక్క కాదు. 1993లో గోవా నుంచి వచ్చిన గాంటర్ ఎడ్విన్ కిర్చర్ కేసులో రెండు చరస్ ముక్కలు దొరికితే ఒక్కదాన్నే పరీక్షకు పంపారు. పరీక్షించని ముక్క చరస్ అని రుజువు కాలేదని, పరీక్షించినదాని బరువే లెక్క అని సుప్రీంకోర్టు చెప్పింది. మీ కేసుకి అది అచ్చంగా సరిపోదు, ఇక్కడ ఆరింట్లోంచీ తీశామంటున్నారు. కానీ దాని ఆధారంగా పోలీసు సాక్షుల్ని ఎదురు ప్రశ్నల్లో (క్రాస్‌లో) అడగాల్సింది చాలా ఉంది.

రెండోది తూకం. చేత్తో కట్టిన ఆరు ప్యాకెట్లు గ్రాము తేడా లేకుండా 3.600 రావడం నాకు నమ్మశక్యంగా లేదు. ఏ తూకం యంత్రం, ఎక్కడి నుంచి తెచ్చారు, విడివిడిగా తూచారా, లేక మొత్తం తూచి ఆరుతో భాగించారా అని అడగాలి. మేజిస్ట్రేట్ దగ్గర 20.700 అయింది. ఆ 900 గ్రాములు ఏమయ్యాయి? అందులో 100 గ్రాములు శాంపిళ్లకి పోయాయి. మిగతాది తేమ ఆరిపోయిందని వాళ్లు అంటారు. ఆ మాట పోలీసు సాక్షి బోనులో చెప్పాలి, మనం ఊహించి సాయం చేయనక్కర్లేదు. టేపులు, పాలిథిన్ కవర్లు ఆరింటివీ ఎంత తూగుతాయో ఎవరూ తూచలేదు. అవి 700 గ్రాములు పైబడితే మేజిస్ట్రేట్ గారి తూకం ప్రకారమే సరుకు 20 కిలోల లోపు.

మూడోది, ల్యాబ్‌లో పరీక్ష జరిగిన శాంపిల్ మేజిస్ట్రేట్ ధ్రువీకరించినది కాదు. 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ ధ్రువీకరించిన జాబితా, ఫోటోలు, నమూనాలనే ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటారు. మీ దగ్గర ఉన్న రిపోర్టు ఆ నమూనాది కాదు. దీని మీద తీర్పులున్నాయి, రెండు వైపులా ఉన్నాయి.

50వ సెక్షన్ అని ఎవరైనా చెప్తే ఆశపడకండి. అది మనిషి ఒంటిని సోదా చేసేటప్పుడు వర్తించేది. బండి మీద లోడ్‌కి రాదు.

మాజీ_హెడ్డు

ముప్పై ఏళ్లు కానిస్టేబుల్‌గా, హెడ్డుగా చేసి దిగాను. లాయరు గారి మాటలు చదివితే పోలీసులు కావాలనే అన్నీ తప్పులు చేసినట్టు అనిపిస్తుంది, అందుకే రాస్తున్నాను. తెల్లవారుజాము రెండింటికి హైవే మీద బండి ఆపితే సాక్ష్యం పెట్టడానికి ఎవడూ రాడు. హోటలోడు షట్టరు దించేస్తాడు. అందుకే వీఆర్వోలని లేపి తెచ్చుకుంటాం. మేజిస్ట్రేట్ గారి దగ్గర తేదీ దొరకడానికి వారాలు పడుతుంది, అది మా చేతిలో లేదు. గంజాయి మూటలు పచ్చిగా కడతారు, మాల్ఖానాలో (పట్టుకున్న సరుకు దాచే గదిలో) పడుంటే బరువు తగ్గుతుంది, అది ఎవరూ దొంగిలించింది కాదు. ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి మా జిల్లాల మీదుగా ఎంత సరుకు పోయిందో కళ్లారా చూశాను. ప్రతి డ్రైవరూ "నాకు తెలీదు" అనే అంటాడు.

అయినా ఆ డ్రైవరు నిజంగా తెలియనోడైతే వాడి పిల్లల ఉసురు మాకెందుకు. అడగాల్సిన రిజిస్టర్లు చెప్తాను. మాల్ఖానా రిజిస్టర్‌లో సరుకు ఏ రోజు లోపలికి వెళ్లింది, శాంపిల్ ఏ రోజు బయటికొచ్చింది అని రాస్తారు. జనరల్ డైరీలో ఆ రాత్రి ఎవరు ఎన్నింటికి బయల్దేరారో ఉంటుంది. ల్యాబ్‌కి శాంపిల్ పట్టుకెళ్లిన కానిస్టేబుల్‌కి డ్యూటీ పాస్‌పోర్టు ఇస్తారు, దాంతోపాటు లెటర్ ఆఫ్ అడ్వైజ్ (శాంపిల్ పరీక్షించమని ల్యాబ్‌కి రాసే లేఖ) ఉంటుంది. 55వ సెక్షన్ ప్రకారం స్టేషన్ అధికారి తన సీలు వేయాలి. 57 ప్రకారం 48 గంటల్లో పై అధికారికి రిపోర్టు వెళ్లాలి. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిస్తే ఆ కేసు నిలబడుతుంది. కలవకపోతే మాత్రం ఆ లోటు మాదే, ముద్దాయిది కాదు. సర్వీసులో ఉన్నప్పుడు కుర్రోళ్లకి ఇదే చెప్పేవాణ్ణి: తెల్లారి రాసుకుందాంలే అనకండి, అక్కడే రాయండి, సీలు మీద అక్షరాలు రాయండి అని.

వంశధార_66

అన్నయ్యా, ఇంకో పాయింట్ ఉంది. పట్టుకున్న ఎస్ఐయే దర్యాప్తు కూడా చేస్తే కేసు కొట్టేయాలని మోహన్‌లాల్ తీర్పు ఉంది. మీ కేసులో ఎవరు చేశారో చూడండి.

మూడులాంతర్ల_జూనియర్

విజయనగరంలో సీనియర్ దగ్గర ప్రాక్టీసు చేస్తున్నాను. పై సభ్యులు చెప్పిన తీర్పు 2018 నాటిది, అది ఇప్పుడు చెల్లదు. 2020లో ముఖేష్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని పక్కన పెట్టింది. ఫిర్యాదీయే దర్యాప్తు చేశారన్న ఒక్క కారణంతో విడుదల రాదు. ఇదే పేరుతో 2016 తీర్పు వేరే ఉంది, యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ మోహన్‌లాల్. శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుటే తీయాలని చెప్పింది అదే. రెండూ ఒకే పేరు కావడంతో పిటిషన్లలో కూడా కలిపేస్తుంటారు, జాగ్రత్త.

52ఏ మీద నాగావళి గారు "రెండు వైపులా" అన్నారు, అది చాలా ముఖ్యం. 2023లో సిమ్రన్‌జీత్ సింగ్, యూసుఫ్ కేసుల్లో సుప్రీంకోర్టు 52ఏ ప్రకారం శాంపిల్ తీయలేదని ముద్దాయిలను వదిలేసింది. 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన మహమ్మద్ ఖాలిద్ కేసు గంజాయిదే. అక్కడ సరుకులో పచ్చిమిరపకాయలు కలిసి ఉంటే వాటిని వేరు చేసి తూచలేదు. శాంపిళ్ల విషయంలో కూడా పొంతన లేదు. అందర్నీ విడుదల చేశారు. మా సీనియర్ ఆ తీర్పు ప్రింటు తీసి నా చేతికిచ్చి మొత్తం చదవమన్నారు. సాక్షుల మాటల్ని ఒక్కొక్కటిగా ఎలా పరిశీలించారో అందులో తెలుస్తుంది.

కానీ 2024 డిసెంబరులో కాషిఫ్ కేసులో కోర్టు గాలి మార్చింది. 52ఏ పాటించడంలో ఆలస్యమో లోపమో ఉన్నంత మాత్రాన బెయిల్ హక్కు రాదని చెప్పింది. 2025 జనవరిలో భరత్ ఆంబలే కేసు, అదీ ఛత్తీస్‌గఢ్ గంజాయి కేసే. సాంకేతిక లోపం ఒక్కటే చాలదు, ఆ లోపం వల్ల భౌతిక సాక్ష్యమే అనుమానంలో పడాలి అన్నది దాని సారం. అక్కడ శిక్ష నిలబెట్టారు. కాబట్టి "52ఏ పాటించలేదు" అని ఒక్క వాక్యం రాసి పిటిషన్ వేస్తే ఇప్పుడు పని జరగదు. "పాటించకపోవడం వల్ల ఈ 21.600 కిలోలు వాణిజ్య పరిమాణమన్నదే రుజువు కావడం లేదు" అని చూపించాలి. ఈ కేసులో అలా చూపించే వీలుంది.

హీరా సింగ్ తీర్పు (2020) వాళ్ల చేతిలో ఉంటుంది. మత్తుమందులో మామూలు పదార్థం కలిసినా మొత్తం బరువే లెక్క అని చెప్పిన తీర్పది. పీపీ (ప్రభుత్వ లాయరు) గారు తప్పకుండా చదువుతారు. అది కలిసిన సరుకు గురించి చెప్పింది, చుట్టిన టేపు గురించి కాదు. విడివిడి ప్యాకెట్లను పోలీసులే రోడ్డు మీద కలిపేస్తే ఆ తీర్పు దానికి మందు కాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి

అందరూ చాలా తెలివిగా మాట్లాడుతున్నారు. నాకొకటి చెప్పండి. మాది విజయనగరం. మా వీధి చివర కాలేజీ కుర్రాళ్లు గంజాయి కొట్టి పడుంటే సాయంత్రం ట్యూషన్‌కి పిల్లని పంపడానికి భయమేస్తోంది. కవరు బరువెంత, సీలు మీద అక్షరం ఏది అని లెక్కలు కట్టి వదిలేస్తే ఆ సరుకు ఎవడో ఒకడు మా వీధిలోకే తెస్తాడు కదా. ఆ ఆరు ప్యాకెట్లు పనసకాయల కింద వాటంతట అవే నడిచొచ్చాయా?

నాగావళి_అడ్వకేట్

అమ్మా, మీ భయం నిజం. నాకూ ఇంటర్ చదివే కొడుకున్నాడు. కానీ ఈ కేసులో పరుగెత్తిన మనిషి ఇంకా దొరకలేదు. సరుకు ఎవరిదో, ఎవరికి వెళ్తోందో ఛార్జిషీటులో ఒక్క ముక్క లేదని నా అనుమానం. దొరికినవాడు డ్రైవరు. మీ వీధికి సరుకు తెచ్చేవాడు బయటే ఉన్నాడు. కాగితాలు సరిగ్గా లేకపోయినా పర్లేదని కోర్టు ఊరుకుంటే, పై వాణ్ణి వెతకాల్సిన శ్రమ ఎవరికీ ఉండదు. ఈ చట్టంలో సరుకు తన స్వాధీనంలో ఉందని తేలితే, తనకు తెలియదని ముద్దాయే రుజువు చేసుకోవాలి. 35, 54 సెక్షన్లు అంత బరువు పెడతాయి. అంత బరువు పెట్టేముందు పునాది సంగతులు ప్రాసిక్యూషన్ అనుమానం లేకుండా రుజువు చేయాలని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేం కవరు బరువు అడిగేది ఆ పునాది కోసమే.

ఇద్దరు_పిల్లల_తల్లి

పరుగెత్తినవాణ్ణి పట్టుకోవాలన్న మాట మీద నాకు అభ్యంతరం లేదు. డ్రైవరు సంగతి కోర్టు చూసుకుంటుంది. కానీ ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకూ బాధగానే ఉంది.

కోట_జంక్షన్

ఇదే చర్చలో అడుగుతున్నాను, మన్నించండి. మా తమ్ముడి స్నేహితుణ్ణి తీసుకెళ్లి యూరిన్ కిట్ పెడితే పాజిటివ్ వచ్చిందట. దగ్గర ఏమీ దొరకలేదు. అది కూడా ఇలాంటి కేసేనా?

విశ్రాంత_కెమిస్ట్

పూర్తిగా వేరు. యూరిన్ కిట్ ఒంట్లో ఆనవాళ్లున్నాయా అని చూస్తుంది, సరుకు పట్టుకున్నాడా అని కాదు. సేవించడం 27వ సెక్షన్ కిందికి వస్తుంది. గంజాయికైతే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. గంజాయి ఆనవాళ్లు అప్పుడప్పుడు తాగినవాడిలో కొన్ని రోజులు, రోజూ తాగేవాడిలో వారాల తరబడి ఉంటాయి. కాబట్టి ఆ రోజు తాగాడని కిట్ చెప్పలేదు.

స్ట్రిప్ కిట్లు ప్రాథమిక పరీక్షలే, జీసీ-ఎంఎస్‌తో నిర్ధారించాలి. నల్లమందు జాతికి పెట్టే కిట్‌లో కొడీన్ ఉన్న దగ్గు మందు తాగినా పాజిటివ్ వస్తుంది. గసగసాలు దండిగా వేసిన కూర తిన్నా రావచ్చు, గసగసాల్లో మార్ఫిన్ ఆనవాళ్లుంటాయి. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ ఆంఫెటమిన్ కిట్‌ని తికమక పెడుతుంది. ఆ కుర్రాడు ఆ వారంలో ఏ మందులు వాడాడో చీటీలతో సహా దాచమనండి. శాంపిల్ డాక్టరు సమక్షంలో తీశారా, మిగిలినది దాచారా అన్నది కూడా అడగాలి. నిజంగా అలవాటుంటే, చికిత్సకు తానుగా ఒప్పుకున్నవాడికి 64ఏ కింద రక్షణ ఉంది. ఆ దారి చూడండి, కుర్రాడు బాగుపడతాడు.

ఉద్దానం_తమ్ముడు

లాయరు గారికి ఇదంతా చదివి వినిపించాను. మొదట కొంచెం నొచ్చుకున్నారు. తర్వాత ఫైలు తీసి తూకాల పేజీ మళ్లీ చూశారు. "మళ్లీ పరీక్ష చేయించమని అడుగుదామా" అంటున్నారు. అడగొచ్చా? ఖర్చెంతవుతుంది? మా దగ్గర ఇక తాకట్టు పెట్టడానికి కూడా ఏం లేదు.

నాగావళి_అడ్వకేట్

ఆగండి. 2013లో తానా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం మళ్లీ పరీక్ష మామూలుగా ఇవ్వరు. రిపోర్టు అందిన 15 రోజుల్లోపు, అదీ అసాధారణ కారణాలు చూపిస్తేనే. గడువు దాటకపోయినా నన్నడిగితే వద్దంటాను. మళ్లీ పంపితే మేజిస్ట్రేట్ ధ్రువీకరించిన శాంపిలే వెళ్తుంది, గంజాయి అనే వస్తుంది. ఇప్పుడున్న లోటు మన చేతులతో మనమే పూడ్చినట్టవుతుంది. వాళ్ల కేసు వాళ్లనే రుజువు చేయనివ్వండి.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. 52ఏ కింద జాబితా అయ్యాక సరుకు ధ్వంసం చేసేస్తారు. అలా జరిగేలోపు ఆరు ప్యాకెట్లూ విప్పి కవర్లు లేకుండా తూచాలని, ఖాళీ కవర్లు కూడా తూచి రాయాలని పిటిషన్ వేయమనండి. ఒకవేళ తూచితే సరుకే 20 దాటుతుందేమో అన్న భయం ఉంటుంది. ఆ నిర్ణయం మీ లాయరు గారూ మీ బావా కూర్చుని తీసుకోవాలి, బయటివాళ్లం చెప్పకూడదు. భయముంటే పిటిషన్ మానేసి, తూచలేదన్న లోటునే విచారణలో పట్టుకోవచ్చు.

బీఎన్ఎస్ఎస్ 94వ సెక్షన్ కింద రిజిస్టర్లు తెప్పించమని అడగండి. సోదాని వీడియో తీయాలని అదే చట్టం 105వ సెక్షన్ చెప్తుంది, ఆ వీడియో అడగండి. పక్క సీట్లో మనిషి ఉన్నాడన్నది మీ బావకి ప్రాణం. దారిలో టోల్‌గేటు కెమెరాలు, పెట్రోలు బంకు కెమెరాలు ఉంటాయి. నెలలు గడిచాయి గనక చాలావరకు చెరిగిపోయి ఉంటాయి, అయినా అడగండి. ఫోన్ కాల్ రికార్డులు, టవర్ లొకేషన్లు మాత్రం ఇంకా దొరుకుతాయి. లోడ్ కిరాయి మాట్లాడింది ఏ నంబరు, ఎన్నిసార్లు ఫోన్ చేసింది, పరారైన మనిషి ఫోన్ అదే టవర్ కింద ఉందా, ఇవన్నీ అందులో బయటపడతాయి. స్టేషన్‌లో బావ "తెలుసు, తెచ్చాను" అన్నట్టు కాగితం రాసి ఉంటే కంగారు పడకండి. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఎన్డీపీఎస్ చట్టం 67వ సెక్షన్ ప్రకారం అధికారులు రాసుకునేదీ చెల్లదని 2020లో తోఫాన్ సింగ్ తీర్పు తేల్చింది.

డబ్బు గురించి: కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోన్ చేసినా చెప్తారు. జైల్లోంచి బావ అర్జీ పెట్టినా తీసుకుంటారు. ఇప్పుడున్న లాయరు గారితో సామరస్యంగా మాట్లాడుకుని నిర్ణయించుకోండి.

సాలూరు_లారీ

తమ్ముడూ, కిరాయి మాట్లాడినోడి నంబరు బావ ఫోన్లో ఉంటాది కదా. ఆ ఫోన్ పోలీసుల దగ్గరుంటే ఐఎంఈఐ నంబరు అక్క దగ్గర ఫోన్ డబ్బా మీద దొరుకుద్ది. రీచార్జి చేయించకపోతే సిమ్ వేరే వాళ్లకి ఇచ్చేస్తారు, ఆ సిమ్ బతికుండేటట్టు చూడు.

ఉద్దానం_తమ్ముడు

ఫోన్ డబ్బా ఇంట్లోనే ఉంది. సిమ్‌కి ఇవాళే రీచార్జి చేశాను. రిజిస్టర్లకి, వీడియోకి, కాల్ రికార్డులకి పిటిషన్లు తయారు చేస్తున్నారు. బెయిల్‌కి హైకోర్టులో బరువు పాయింట్ మీదే వేస్తామన్నారు. ప్యాకెట్లు విప్పి తూచమని అడగాలా వద్దా అన్నది బావతో ములాఖత్‌లో మాట్లాడాక చెప్తారట. మేజిస్ట్రేట్ గారి ముందు తీసిన ఫోటోలకి మాత్రం కాపీ అప్లికేషన్ పెట్టాం.

మూడులాంతర్ల_జూనియర్

ఆ ఫోటోలు జిరాక్సు తీసుకోకండి, నల్లగా వస్తాయి. కలర్‌లో, వీలైతే సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వమని అప్లికేషన్‌లోనే రాయండి. తూకం యంత్రం మీద అంకె, ప్యాకెట్ మీద సీలు, ఈ రెండూ పెద్దది చేసి చూస్తేగానీ కనబడవు.